వెచ్చాల చీటీ

మొన్న రెండవ శనివారం విజయనగరం స్టేషనులో పాసింజరు ఎక్కేసరికి నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదానిలో నా బట్టలు, రెండవదానిలో మా నాన్నగారి భోజనం. భోజనమంటే కారియరు అనుకునేరు, కాదు. పులిహోర ముద్ద, సాంబారు పొడి, ఉప్మా పిండి, వేడినీళ్ళు పోసి కలుపుకునే పప్పు, ఇలా అన్నీ రంగురంగుల పొట్లాలే. "కత్తిపీట అక్కరలేదు, పోపు అక్కరలేదు. కత్తెర ఒక్కటి ఉంటే చాలు" అంది మా ఆవిడ, పెద్ద కొట్టుకు వెళ్ళి వాటిని ఏరి తెచ్చి. నన్ను వేళాకోళం చేయడానికి కాదు, పాపం, మామగారిమీది బెంగతోనే.

మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. నాన్నగారికి డెబ్భై అయిదేళ్ళు. టెక్కలికి ఈవల, కోటబొమ్మాళి దగ్గర పల్లెలో ఒక్కరే ఉంటున్నారు. మాతో వచ్చేయమంటే "ఈ ఇంట్లో దీపం ఎవరు పెడతార్రా?" అంటారు. వంటమనిషిని కుదిర్చితే పది రోజులకే జీతం చేతిలో పెట్టి పంపించేశారు. పోయినసారి చూద్దును గదా, చొక్కా ఆయన భుజాలమీద నిలవడం లేదు. ఏం తింటున్నారంటే "మజ్జిగా, ఊరగాయా, ఇంకేం కావాలి?" అన్నారు.

నేను కళాశాలలో తెలుగు చెబుతాను. నలుడూ భీముడూ మగవాళ్ళేననీ, విరాటుని కొలువులో భీముడు వలలుడై గరిటె పట్టాడనీ పిల్లలకు ఏటేటా పాఠం చెప్పడమే గాని, పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో నలభై అయిదేళ్ళు వచ్చినా నాకు తెలియదు. ఆ మాటకొస్తే నాన్నగారికీ తెలియదు.

నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటాయి. ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు వచ్చింది. నాగావళి వంతెన దాటితే శ్రీకాకుళం రోడ్డు. అక్కడ ఎక్కిన ముసలమ్మ నా సంచీలోకి తొంగిచూసి "ఏటి బాబూ, కొట్టెడతావేటి?" అంది. పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరవాత వంశధార. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఈ నది ఒడ్డునే, పర్వతాలపేటలో పుట్టారు. ఈ వంతెనమీద ఆయనను తలచుకోవడం నాకలవాటు. ఆనాడు మరి కాస్త ఎక్కువగా తలచుకోవలసిన పని ఇంటికి వెళ్ళాక పడింది.

వంటింట్లో అలమర తెరిచాను. పోయిన నెల తెచ్చిన పొట్లాలు ఏడూ, బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాని మూతీ తెగలేదు.

"బాగా లేవా, నాన్నగారూ?"

"బాగానే ఉంటాయిరా. ఎలా తినాలో వాటిమీదే అచ్చు వేశారు కూడాను. అయినా ఎందుకో చెయ్యి రాలేదు."

సాయంత్రం కాఫీపొడి తెస్తానని బయలుదేరితే, "ఉండు, ఏమేం కావాలో చూస్తాను" అని గోడకున్న ఇనప తీగ దింపారు. దాని నిండా గుచ్చిన కాయితాలు. అన్నీ మా అమ్మ రాసిన వెచ్చాల చీటీలు! నలభై ఏళ్ళకు పైగా ఆవిడ రాయడం, ఈయన కొట్టుకు వెళ్ళి తేవడం. బడిపంతులు గనుక ఒక్క చీటీ పారేయకుండా, వెనకవైపు పద్దు రాసి దాచారు.

కందిపప్పు కిలో, చింతపండు అర, ఎండుమిరపకాయలు పావు, ఆవాలు నూరు గ్రాములు, నువ్వులు పావు, అనకాపల్లి బెల్లం అర, నౌపడా ఉప్పు, చోడిపిండి. అన్నీ అమ్మ నోట విన్న మాటలే. గిడుగువారు చూసి ఉంటే మురిసిపోయేవారు.

"తేదీలు చూడు" అన్నారు నాన్నగారు. "వేసంగి చీటీల్లో ఆవాలు రెండింతలు. పనసపొట్టు కూర రోజులు గదా. సంక్రాంతి నెలలో నువ్వులు అరకిలో. ఇదుగో, జీడిబద్దలు నూరు గ్రాములని ఉంటే నువ్వు వస్తున్నావన్నమాట." 2018 అక్టోబరు చీటీ తీశారు. తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటి, ఉద్దానంలో జీడితోటలూ కొబ్బరితోటలూ కూల్చిన నెల అది. అందులో జీడిబద్దల పంక్తి లేదు.

నాకప్పుడు తట్టింది. ఈయనకు వండడం రాదు గాని, మా ఇంట్లో ఏ నెలలో ఏం వండేవారో సాంతం వచ్చు. కాఫీపొడి మాట అటుంచి, ఇద్దరం ఆ చీటీలో సరుకులన్నీ తెచ్చాం.

ముందు అరటికాయ ఆవకూర. రెండు కాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, పసుపు వేసి ఉడకబెట్టాం. పోపులో ముక్కలు వేసి, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, చిన్న బెల్లంముక్క వేశాం. చెంచాడు ఆవాలు రెండు ఎండుమిరపకాయలతో తడిపి నూరి, అదీ వేసి తుకతుక ఉడికించాం. చేదు! ఎదురింటి పిన్నిగారు వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఆవ పొయ్యిమీద పెడతార్టయ్యా? దింపి, చల్లారనిచ్చి కలపాలి నాయనా!"

సంగతేమిటంటే, ఆవగింజ ఎండుగా ఉన్నంతసేపు దానికి ఘాటు లేదు. నలిగి, నీరు తగిలినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, మంట తగిలితే ఎగిరిపోతుంది. కనుక నూరి పది నిమిషాలు ఉంచి, కూర చల్లారాక కలపాలి. రెండవసారి అలాగే చేశాం. మొదటి ముద్దకే నాన్నగారి ముక్కు ఎర్రబడింది, కళ్ళు చెమర్చాయి. "ఆవ ఘాటు" అన్నారు. అవునన్నాను.

ఒంటరివాళ్ళకు పనికొచ్చేవి మరి రెండు. గ్లాసుడు నువ్వులు సన్నసెగమీద చిటపటలాడేదాకా వేయించి, నాలుగు ఎండుమిరపకాయలు, ఉప్పు చేర్చి పొడికొట్టుకుంటే వారం దిగులుండదు. వేడి అన్నం, ఈ పొడి, చెంచాడు నువ్వుల నూనె, అంతే. ఇక చోడి అంబలి. రాత్రి గుప్పెడు చోడిపిండి నీళ్ళలో కలిపి పులియనివ్వాలి. పొద్దున్న మరిగే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా కలియబెట్టి ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. పళ్ళు లేనివాళ్ళకూ సుఖం.

పొట్లాలు తప్పని నేననను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మా ఇంట్లో అవి లేకపోతే కొన్ని పూటలు పస్తే. కాని మా అమ్మ చీటీలో సరుకులూ కొట్టులో దొరికేవే, వంటా అరగంటదే. పొట్లం తింటే నాన్నగారికి పూట గడుస్తుంది. చీటీ చేతబడితే, రేపేం వండాలా అని ఆలోచన పుడుతుంది. ఎనిమిది నెలలుగా ఆయనకు లేనిది అదే.

ఆదివారం సాయంత్రం బండికి బయలుదేరుతుంటే నాన్నగారు ఓ కాయితం చేతిలో పెట్టారు. కొత్త చీటీ, ఆయన దస్తూరీ. ఆవాలు నూరు, నువ్వులు పావు, జీడిబద్దలు నూరు గ్రాములు.

"వచ్చేటప్పుడు ఇవి తెచ్చిపెట్టు. కోడల్నీ పిల్లల్నీ తీసుకురా. పద్దు నేను రాసుకుంటాను."