కడెం కాలువ నుంచి మార్లవాయి దాకా

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లి రాయపట్నం దగ్గర గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం వరుసగా వస్తాయి. నేను వెళ్లినప్పుడు రోడ్డుకు రెండు పక్కలా వరి కోతలు నడుస్తున్నాయి. ఇదంతా కడెం ప్రాజెక్టు ఆయకట్టు. 1958 వరదకు ఆనకట్ట దెబ్బతిని, మళ్లీ కట్టుకున్నాక గానీ ఇక్కడి రైతుకు కాలువ మీద నమ్మకం కుదరలేదు. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి మూటాముల్లె సర్దుకొచ్చిన కుటుంబాలు ఉన్నాయి.

అలా వచ్చిన ఒక అవ్వ జన్నారం దగ్గర కళ్లంలో కూర్చుని ధాన్యం ఆరబోయిస్తోంది. సొంతూరు గుంటూరు వైపు.

“పెళ్లయిన మరుసటేడే వచ్చాం నాయనా. మా మామగారు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ అయిదెకరాలు కొన్నారు. అంతా తుప్పలే. పగలు పొదలు కొట్టటం, రాత్రి అడవి పందులకు కాపలా. పిల్లాణ్ణి మంచె కింద ఉయ్యాల్లో వేసేదాన్ని. చలిజ్వరంతోనే నాట్లేశాం.”

“కాన్పు ఎక్కడయింది అవ్వా?”

“ఈ చేలోనే. పక్క గూడెం నుంచి గోండు ముసలామె వచ్చి పురుడు పోసింది. వారం రోజులు గటక కాచి పెట్టింది.”

ఆ గూడెం ఎక్కడని అడిగాను. ఇప్పుడు లేదంది. వాళ్లంతా ‘లోపలికి’ పోయారట. ఆ మాట చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు.

విల్లా కేథర్ 1918లో రాసిన ‘మై ఆంటోనియా’ నవల గుర్తొచ్చింది. ఐరోపాలోని బొహీమియా నుంచి అమెరికాలోని నెబ్రాస్కాకు వలసొచ్చి, నాగలి పట్టిన రైతుపిల్ల కథ అది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అమెరికా సర్కారు అయిదేళ్లు కాపురముండి సాగు చేసినవారికి 160 ఎకరాలు ఇచ్చింది. పౌరసత్వం కోరిన వలసదారులూ అర్హులే. పెళ్లికాని స్త్రీలు, వితంతువులు సొంత పేరున భూమి అడగవచ్చు, భర్త ఉన్న స్త్రీకి మాత్రం ఆ దారి లేదు. మట్టిపెడ్డలు పేర్చిన ఇళ్లలో పిల్లల్ని కని, వెన్న, గుడ్లు అమ్మి ఆ స్త్రీలు సేద్యాన్ని నిలబెట్టారు. కానీ ఆ భూములూ అక్కడి ఆదివాసులవే: నెబ్రాస్కా పావ్నీల నేల, డకోటా లకోటాల నేల. అవ్వ పడ్డ కష్టం నిజం, గూడెం పోగొట్టుకున్నదీ నిజం. మొదటిది చెప్పి రెండోది దాచే వలస కథల మీద నాకు గౌరవం లేదు.

జన్నారం దాటితే కవ్వాల్ అడవి, ఆపైన ఉట్నూరు, జైనూర్, మార్లవాయి. ఇక్కడ చేలన్నీ పత్తే. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో మకాం వేశాడు. తరవాత గిరిజనులకు సాగుభూమి మీద లావణి పట్టాలు వచ్చాయి, వాళ్ల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది. 1987లో పోయిన ఎలిజబెత్ సమాధి ఈ ఊళ్లోనే ఉంది. దూరదేశం నుంచి వచ్చినా ఇక్కడ ఒక్క ఎకరం కూడా కోరని స్త్రీ ఆమె. అక్కడ నిలబడి నమస్కరించాను.

ఊరి బయట ఒడి నిండా పత్తి ఏరుతున్న గోండు అక్కను, “పట్టా ఎవరి పేరు మీద ఉంది?” అని అడిగాను. “మా ఇద్దరి పేరు మీదనే” అని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి.

జన్నారం అవ్వనూ ఇదే అడిగాను. ఆ అయిదెకరాలు మామగారి నుంచి భర్తకు, భర్త నుంచి కొడుకులకు మారాయి. తుప్పలు కొట్టిన ఆమె పేరు ఏ పాస్‌బుక్‌లోనూ ఎక్కలేదు. మీ ఇంటి పాస్‌బుక్ కూడా ఒకసారి తీసి చూడండి. అమ్మ పేరు లేకపోతే, ఆమె ఉండగానే రాయించండి.