నాలుగో ముడి

పెళ్ళిలో మా వారు వేసింది మూడు ముళ్ళే. నాలుగోది అమెరికా పన్నుల శాఖవారు వేశారు. అది ఎలా పడిందో చెబుతాను, వినండి.

నేను బెజవాడ దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. నెలకు 70,000 జీతం. 2023 ఫిబ్రవరిలో పెళ్ళయింది. ఏప్రిల్ నెలాఖరుకు ఉద్యోగం మానేసి, మే 20న టెక్సాసులోని అర్వింగుకు కాపురానికి వచ్చాను. మా వారిది హెచ్-1బి వీసా, నాది దాని తోక హెచ్-4. ఆ వీసాతో వచ్చిన నేను ఉద్యోగం చెయ్యకూడదు. ఉద్యోగమే లేనిదానికి పన్నేమిటనుకుని, మరుసటి ఏడు మా వారు కాగితాలు ముందేసుకు కూచుంటే నేను నిశ్చింతగా ఉప్మా కలుపుకుంటున్నాను.

"నీ జీతం చీటీలు ఏవీ?" అన్నారు.

"నాకిక్కడ జీతమెక్కడిదండీ?"

"ఇక్కడిది కాదు. అక్కడిది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. బెజవాడలో నేను గొంతు చించుకుని సంపాదించుకున్న దానితో ఈ దేశానికేం పని?

మాకు లెక్కలు చూసే గుంటూరాయన ఒకరున్నారు. ఆయన ఓపిగ్గా విప్పి చెప్పారు. ఆ సంవత్సరం మే 20 దాకా నేను వాళ్ళకు పరాయిదాన్ని. ఆ తరవాత ఇక్కడ ఉన్న రోజులు లెక్కకు సరిపోయాయి గనుక ఇక్కడి నివాసిని. ఇలా సగం సగం మనిషితో కలిసి మామూలుగా ఉమ్మడి రిటర్ను వెయ్యనివ్వరు. అయితే దంపతులిద్దరూ ఒప్పుకుని ఒక కాగితం మీద సంతకాలు చేసి జతపరిస్తే, నేను జనవరి 1 నుంచీ ఇక్కడే ఉన్నట్టు లెక్క కట్టుకుంటారు. 2023కు విడిగా వేసుకునే భర్తకు పన్ను లేకుండా వదిలే మొత్తం 13,850 డాలర్లు. ఉమ్మడిగా అయితే 27,700. మా వారి జీతానికి అందువల్ల ఐదు వేల డాలర్ల దాకా కలిసొచ్చింది. కానీ ఆ సౌకర్యం కావాలంటే ఏడాది మొత్తంలో ఇద్దరూ ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాలి.

ఇక చూడండి నా అవస్థ. అమెరికాకు జనవరితో ఏడాది మొదలు. మనకు ఏప్రిల్‌తో. కాలేజీవాళ్ళిచ్చిన ఫారం 16 లో పన్నెండు నెలలుంటాయి గాని నాకు కావలసింది అందులో చివరి మూడు నెలలే. ఏప్రిల్ జీతమేమో మరో ఏడాది ఫారంలోకి పోయింది. గుమస్తాగారిని బతిమాలి నాలుగు నెలల చీటీలు తెప్పించుకున్నాను. సేవింగ్సు ఖాతాలో పడిన చిల్లర వడ్డీ కూడా వదల్లేదు. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ కోసిన పన్ను పదివేల చిల్లర ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చట. ఏప్రిల్‌లో కోసింది మన ప్రభుత్వం దగ్గర తిరిగి రాబట్టుకునే డబ్బు గనుక అది కుదరదన్నారు.

మొత్తం 2,80,000 రూపాయలు. ఆ ఏటి సగటు ధర డాలరుకు సుమారు 82న్నర చొప్పున మా వారు మీటలు నొక్కి, "మూడు వేల నాలుగు వందలు. అంతేగా!" అన్నారు.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఎండల్లో రెండు బస్సులు మారి వెళ్ళి సంపాదించిన జీతం అది. పైకేమీ అనలేదు. ఉప్మా మాత్రం మాడింది.

అసలు చిక్కు ఇంకా ముందుంది. "ఇండియాలో మీ పేర ఖాతాలేవైనా ఉన్నాయామ్మా?" అని ఫోనులో అడిగారు గుంటూరాయన. నివాసి అయినవారికి విదేశీ ఖాతాలన్నిట్లో కలిపి ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ సంగతి ఎఫ్‌బార్ అనే పత్రంలో తెలియజెయ్యాలి. పన్నేమీ ఉండదు గాని, చెప్పకపోతే జరిమానా భారీగా ఉంటుంది.

"జీతం పడే ఖాతా ఒక్కటేనండీ," అన్నాను.

అది అబద్ధం. నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన 18 లక్షలు నా పేరూ ఆయన పేరూ కలిపి బ్యాంకులో డిపాజిట్టు వేశారు. చెల్లెలి పెళ్ళికని. "మీ ఆయనతో అనకమ్మా, పెళ్ళయిన కొత్త," అన్నారు అప్పగింతలకు ముందు. ఏడాదిగా దాచిన మాట అది.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడోనాడు చెప్పేశాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నీ చెల్లెలి పెళ్ళి డబ్బు మీద నాకు కన్నుంటుందనుకున్నారా మీరంతా?" అన్నారు చివరికి. కోపంగా అంటే బాగుండేది. మెల్లగా అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పడుకోకుండా లేచి తన బ్యాంకు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. నెలనెలా 300 డాలర్లు మా పెద్దాడబిడ్డ గారికి వెడుతున్నాయి. బావగారి వ్యాపారం దెబ్బతిన్న దగ్గర్నుంచీ. నాకు ఒక్క ముక్క తెలియదు.

"చెబితే ఏమనుకుంటావోనని," అన్నారు.

మర్నాడు గుంటూరాయనకు ఫోను చేసి నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. డబ్బు నాన్నగారిది, వడ్డీ మీద పన్ను ఆయనే కడుతున్నారు గనుక ఆ వడ్డీ నా ఆదాయం కాదనీ, ఖాతా మాత్రం పూర్తి మొత్తంతో, నాన్నగారి పేరుతో సహా చూపించాలనీ అన్నారు. నాన్నగారికి నచ్చజెప్పడమే కష్టమైంది. "నా డబ్బు సంగతి ఆ దేశం వాళ్ళకెందుకే?" అని పదిసార్లడిగారు. అల్లుడికి తెలిసిపోయిందని విన్నాక మాత్రం ఫోను అమ్మ చేతికిచ్చేశారు.

నాకు ఇక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. బదులుగా తొమ్మిదితో మొదలయ్యే మరో నంబరు కోసం అర్జీ పెట్టాలి. పాస్‌పోర్టు టపాలో పంపడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ధృవీకరించే అధికారం ఉన్న ఏజెంటు దగ్గరికి వెళ్ళి, అది చూపించి వెనక్కి తెచ్చుకున్నాం. అర్జీ, రిటర్నూ కలిపి ఆస్టిన్‌కు కాగితాల రూపంలోనే పంపాలి. అందుకని చేత్తో సంతకాలు.

సంతకం పక్కనే వృత్తి రాసే చిన్న గడి ఉంది. గుంటూరాయన పంపిన దాంట్లో నా గడిలో గృహిణి అని అచ్చుపడి ఉంది. నేను కలం తీసుకుని సంతకం పెట్టబోతున్నాను.

"ఆగు," అన్నారు మా వారు. ఆ పుట లాక్కుపోయి మళ్ళీ అచ్చుతీసి తెచ్చారు. ఈసారి ఆ గడిలో అధ్యాపకురాలు అని ఉంది.

"ఇప్పుడు చెయ్యడం లేదు కదండీ?"

"లెక్క 2023ది. ఆ ఏడు చేశావు గదా," అన్నారు, కవరుకు గమ్ము రాస్తూ.