బాసర ఇసుక

బాసర యనగానే మనకు పలక, బలపము జ్ఞప్తికి వచ్చును. బిడ్డకు అక్షరాభ్యాసము చేయించి, ప్రసాదము మూటగట్టుకొని, తిరుగు బండికి పరుగిడుటయే పలువురకు బాసర యాత్ర. గత మాఘమాసమున మా చిన్నమ్మాయి అక్షరాభ్యాసమునకై వెళ్ళిన మేము ఒక దినము నిలిచి క్షేత్రమంతయు చూచితిమి. బడిపంతులైన మావారును, అరువదియేండ్లు దాటిన మా అత్తగారును వెంట నుండిరి.

నిజామాబాదున రైలెక్కినచో గోదావరి వంతెన దాటగానే బాసర. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిదైన యీ యూరు 2016 నుండి నిర్మల్ జిల్లాలో చేరినది. వ్యాసులవారు వసించుటచే వ్యాసర, వాసర యై, మరాఠీ పలుకుబడి సోకి బాసర యైనదందురు. ఆ మహర్షి కురుక్షేత్ర యుద్ధానంతరము శాంతిని గోరి యిచ్చటికి వచ్చి, దినదినము గోదావరిలో స్నానమాడి, మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి మూడు తావుల నుంచగా, అవియే ముగురమ్మల మూర్తులైనవని స్థలపురాణము. జ్ఞానసరస్వతి ప్రక్కనే మహాలక్ష్మి, మహాకాళి మేడమీద. సరస్వతీదేవి మోమునకు పసుపు పూయుదురు. ఆ పసుపు రవంత నోట వేసికొన్నచో బుద్ధి వికసించునని భక్తుల నమ్మిక.

పిల్ల చేత ఓనమాలు దిద్దించిన పిమ్మట వ్యాసగుహకు వెళ్ళితిమి. ఇరుకైన రాతిగుహ, తల వంచనిదే లోనికి పోరాదు. వేదవతి శిలను తట్టి చూచితిమి. ఒకే బండ, తట్టిన చోటును బట్టి వేర్వేరు ధ్వనుల నిచ్చుచున్నది. అందు సీతమ్మవారి నగలున్నవని జనుల వాడుక. ఇచ్చట దీక్షబూనినవారు ఊర మధుకరమెత్తి, ఆ భిక్షాన్నముతోనే దినములు గడుపుదురు. విద్య కోరువానికి అణకువ ముందుగా నుండవలెనని కాబోలు!

2008లో ఇచ్చట నెలకొల్పిన సాంకేతిక విశ్వవిద్యాలయమున పల్లెల బాలబాలికలు పదవ తరగతి ముగియగానే చేరి ఆరేండ్లు చదువుదురు. త్రోవలో అట్టి ఆడపిల్లలు కొందరు పుస్తకములతో నెదురైరి. మా అత్తగారు నిలిచి, వారు కనుమరుగగువరకు చూచుచుండిరి.

సాయంకాలము నదియొడ్డున కూర్చుంటిమి. చిన్నది ఇసుకలో వ్రేలితో ఏదో గీయుచుండెను. అత్తగారు మెల్లగా, “అమ్మా, నా పేరు ఎట్ల రాస్తరో చూపియ్యి. పింఛను కాడ ఏలు నొక్కుడు నాకు సిగ్గయితది” అనిరి.

మా హృదయము కలుక్కుమన్నది. కాపురమునకు వచ్చిన నాటినుండి, పదునాలుగేండ్లుగా, సాయంకాలముల ఆమెకు భారత భాగవతములు చదివి వినిపించుచుంటిమి. తండ్రిగారి యొద్ద కావ్యములు చదివితిమని లోలోన గర్వపడుచుంటిమి. ఆమెకు మాకంటె నెక్కువ పద్యములు నోటికి వచ్చును. అయినను ఒక్క అక్షరము నేర్పవలెనని మాకు తోచలేదు! వినుట ఆమె వంతు, చదువుట మా వంతు అనుకొంటిమి. పొరుగు పిల్లలకు సయితము చదువు చెప్పు ఇల్లు మాది. దీపము క్రిందనే చీకటి!

ఆ తడియిసుకలో ఆమె వ్రేలు పట్టి మొదటి అక్షరము దిద్దించితిమి. ఆమె చేయి వణకెను, మాదియు వణకెను. ఒకటి రెండుమారులు అల వచ్చి చెరిపివేసెను. మరల వ్రాసిరి.

ఇంటికి వచ్చిన పిమ్మట వ్యాసులవారి పిడికిలియే మాకు పద్ధతియైనది. వంట ముగిసిన వెనుక దినమున కొక యక్షరము, అంతకు మించి లేదు. కొన్ని దినములు కండ్లు సాగక విసిగిరి. కొన్ని దినములు మాకే తీరిక లేకపోయినది. మనుమరాలి పలకయే ఆమె పలక. ఉగాదినాటికి ఆమె తన పేరు వ్రాయనేర్చిరి. మొన్న పింఛను పుచ్చుకొనునప్పుడు, వ్రేలికి పూయు సిరాపెట్టెను ప్రక్కకు నెట్టి, కలము నడిగి పుచ్చుకొనిరట. సంతకము వంకరగానున్నదని మావారు నవ్వుచు చెప్పిరి. ఆమె మాత్రము నవ్వలేదు. రేపటి అక్షరమేదని యడిగిరి.

బాసర వెళ్ళు సోదరీమణులు వ్యాసగుహను, వేదవతి శిలను తప్పక చూడుడు. ఇంటికి వచ్చిన పిమ్మట పలకను అటకమీద పెట్టకుడు. మీ యింట దాని యవసరము గలవారు ఇంకొకరుండవచ్చును.