గిర్నీవారు

“ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు” అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. బి.ఏ. చదివే రోజుల్లో ఋగ్వేదం మాటెత్తితే చాలు, మా లెక్చరర్ గారు మాక్స్ ముల్లర్ పేరు భక్తిగా తలిచేవారు. ముల్లర్ అంటే జర్మన్ భాషలో పిండిమర ఆడించేవాడని ఈమధ్యే, ఆ భాష నేర్చుకుంటున్న మా పక్కింటమ్మాయి చెప్పింది. ఎక్కడి వేదం, ఎక్కడి పిండిమర! నవ్వాపుకోలేకపోయాను.

జర్మనీలో అందరికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. పూర్వం ఊరూరా ఓ మర, దానికో మనిషి ఉండేవారు మరి. ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే బట్టలు కుట్టేవాడు. మన తెలంగాణలో కమ్మరి, కుమ్మరి, వడ్ల అని ఇంటిపేర్లు లేవూ? అలాగే. ముల్లర్లు మరీ ఎక్కువని, 1823లో పుట్టిన ఆ పండితుడు తన పేరులోని మాక్స్‌ని కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. మగవాడు గనక తోచినట్టు దిద్దుకున్నాడు.

నా సంగతి వేరు. పుట్టిల్లు శామీర్‌పేట, మెట్టినిల్లు మేడ్చల్. పక్కపక్క ఊళ్లే. ఆ కాస్త దారిలోనే నా ఇంటిపేరు మారిపోయింది. నన్నెవరూ అడగలేదు. జర్మనీలోనూ ఆలుమగలు ఒక పేరు తేల్చుకోకపోతే మొగుడి పేరే ఖాయమనే చట్టం ఉండేది. అది చెల్లదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది 1991లో. అంత చదువుకున్న దేశం సుమండీ!

నా మొదటి నవల అచ్చయినప్పుడు శామీర్‌పేట వెళ్లి నాన్న చేతికిచ్చాను. అట్టమీది పేరు చదివి “బాగుందమ్మా” అన్నారు. ఇంటిపేరు దగ్గర ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది. అంతే.

మేడ్చల్‌లో మేం పిండి పట్టించుకునే గిర్నీ నడిపేది ఒకావిడ. ఆధార్ కార్డులో ఆవిడ ఇంటిపేరేమిటో మాకెవరికీ తెలీదు. పిల్లల నుంచి ముసలమ్మల దాకా అందరికీ గిర్నీ అక్కే. కనుబొమలదాకా తెల్లటి పిండి. ముల్లర్ వంశానికి అసలు వారసురాలు ఈవిడే కాబోలనుకుంటాను. ఎవరి డబ్బా ఏదో తెలియడానికి మూతల మీద సుద్దముక్కతో గుర్తులు రాస్తుంది. టీచరమ్మ, మిషనమ్మ, రెండో గల్లీ అవ్వ... మొన్న నా జొన్నల డబ్బా మీద చూశాను. పుట్టింటి పేరూ లేదు, అత్తింటి పేరూ లేదు. “కథలమ్మ” అని ఉంది.

ఇంటికొచ్చి పిండి జల్లించుకుని డబ్బా కడిగాను గానీ, మూత మాత్రం కడగబుద్ధి కాలేదు.