జానెడు ఎత్తు నుంచి ఇల్లు

విజయవాడలోని ఆ పెంపుడు జంతువుల ఆసుపత్రిలో ఆదివారం పొద్దున కుక్కపిల్లల క్లాసు జరుగుతుంది. మేడ మీద పొడవాటి హాలు, నేలంతా రబ్బరు మ్యాట్లు, గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు. లాబ్రడార్, బీగిల్ పిల్లలూ, వీధిలోంచి తెచ్చుకున్న నాటు పిల్లలూ ఒకదాని మీదొకటి పడి దొర్లుతున్నాయి. అన్నీ ఆరు నెలల లోపువే. వాటిని తెచ్చినవాళ్లందరిదీ ఒకటే బాధ. ఇంట్లో ఏది దొరికితే అది కొరికేస్తోంది, ఎలా మాన్పించాలి?

క్లాసు నడిపే డాక్టరమ్మ వాళ్లను ముందుగా ఓ అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. లోపల వరసగా గాజుసీసాలు. మామిడి టెంక, మొక్కజొన్న కండె ముక్క, చంటిపిల్లల సాక్సు, దారపు ఉండ. అన్నీ కుక్కల పొట్ట కోసి తీసినవే. టెంకైనా కండైనా అరగదు, పేగుకు అడ్డంపడి కూర్చుంటుంది. దారం సంగతి మరీ ఘోరం. దాని కొస ఎక్కడో చిక్కుకుంటే పేగు కుచ్చిళ్లు పడిపోయి, ఆ దారానికే కోసుకుపోతుంది. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే పొరపాటున కూడా లాగొద్దని ఆవిడ గట్టిగా చెప్పారు.

"వీటికి ఆపరేషన్ చేసే వ్యవధి దొరికింది. ఆ వ్యవధి కూడా ఇవ్వనివి మీ ఇళ్లలోనే ఉన్నాయి" అంటూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. ఛార్జర్ వైరు కొరికితే నోరు కాలడంతో అయిపోదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, ఆయాసం కొన్ని గంటలయ్యాక గానీ బయటపడకపోవచ్చు. బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే అక్కడి కండ కాలి పుండవుతుంది. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో కలిపే జైలిటాల్ అరగంటలోనే కుక్క రక్తంలో చక్కెరను పడగొట్టగలదు. ఎలుకల మందుల్లో కొన్ని రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. అవి తిన్న కుక్క రెండు మూడు రోజులు హుషారుగానే తిరుగుతుంది, ఆ తర్వాత లోలోపల రక్తస్రావం మొదలవుతుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, నొప్పులకు వేసుకునే ఐబూప్రొఫెన్, పాయసంలో వేసే కిస్‌మిస్, పెరట్లోని గన్నేరు కూడా కుక్కకు విషాలే.

మరి అసలెందుకు కొరుకుతాయి? కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల ప్రాంతంలో అవి రాలడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత పళ్లు వస్తాయి. ఈ మధ్యకాలమంతా చిగుళ్లు సలుపుతుంటాయి, ఏదైనా కొరికితే హాయిగా ఉంటుంది. పైగా అది చేతులు లేని ప్రాణి. ఒక వస్తువు మెత్తనిదో గట్టిదో, తినేదో కాదో తెలుసుకోవడానికి దానికి నోరే దిక్కు. కొరకడమే మాన్పించాలని పూనుకుంటే అది జరిగే పని కాదు. ఏం కొరకాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

క్లాసు అయ్యాక మొగల్రాజపురంలో ఉండే ఓ కుటుంబం కోరితే డాక్టరమ్మ వాళ్ల ఫ్లాటుకు బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. వాళ్లది నాలుగు నెలల లాబ్రడార్, పేరు బంటి. సోఫా చూపించినా ఆవిడ కూర్చోలేదు. హాలు మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని, మమ్మల్నందర్నీ కూర్చోమన్నారు. "ఇంకా వంగండి. జానెడు ఎత్తు నుంచి చూడండి."

నిలబడి చూసినప్పుడు పొందిగ్గా కనిపించిన ఇల్లు అక్కడినుంచి వేరేగా ఉంది. టీవీ వెనక వేలాడే వైర్లు. సోఫా కింద పెన్సిల్ ముక్కా రబ్బరూ. గోడ అడుగున ఉన్న ప్లగ్గులో దోమల మందు సీసా. పూజ గూటి కింది అరలో కర్పూరం డబ్బా. మూతలేని చెత్తబుట్టలో చికెన్ ఎముకలు. ఉడికిన ఎముక చీలికలై లోపల గుచ్చుకుంటుందని డాక్టరమ్మ చెబుతుంటే, ఆ ఇంటి అబ్బాయి అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. వైర్లను కేసింగులో దూర్చి గోడకు బిగించాలి. వాడని ఛార్జర్ పీకి పైన పెట్టాలి. దోమల మందు ఎత్తున ఉన్న ప్లగ్గుకు, కర్పూరం పై అరకు, చెత్తబుట్ట వంటగట్టు కింద తలుపు వెనక్కి మారాలి. కనిపెట్టి చూసే మనిషి లేనప్పుడు బంటిని కాస్త తిరగడానికి చోటున్న కంచెలో, నీళ్లూ బొమ్మా పెట్టి ఉంచాలి. కొరక్కుండా కొట్టే చేదు స్ప్రే కొన్ని కుక్కల మీద పనిచేస్తుంది, దాన్నే నమ్ముకోవడానికి లేదు.

ఆ ఇంటి మామ్మగారికి ఇదంతా నచ్చలేదు. "రెండు తగిలిస్తే అదే తెలుసుకుంటుంది కదమ్మా? చెప్పు కొరికిన రోజు నన్ను చూసి తల దించుకుంది. తప్పని దానికి తెలుసు."

డాక్టరమ్మ ఆవిడ పక్కకు జరిగారు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే శాస్త్రవేత్త ఈ తప్పుచేసిన ముఖం మీదే పరీక్ష చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదాంతో ఆ ముఖానికి సంబంధం లేదు, యజమాని కసిరితే వస్తుంది. "అది మీ కోపానికి భయపడింది మామ్మగారూ. ఎందుకు కొట్టారో దానికి తెలీదు. రేపటినుంచి మీరు చూడనప్పుడు కొరుకుతుంది. మీరు వస్తున్న చప్పుడైతే నోట్లో ఉన్నది గబుక్కున మింగేస్తుంది." కొట్టడం ఎందుకు ప్రమాదమో ఆ చివరి మాటతో నాకు స్పష్టమైంది. నోట్లో ఉన్నంతసేపు తీయగలిగిన వస్తువును మన కోపమే కడుపులోకి తోస్తుంది.

ఇంతలో బంటి రిమోట్ పట్టుకొచ్చింది. అబ్బాయి వెంటపడబోతే డాక్టరమ్మ ఆపారు. తరిమితే దానికది ఆట. ఆవిడ ఉడికించిన చికెన్ ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి "వదిలెయ్" అన్నారు. నోరు తెరిచింది. ముక్క పెట్టి, రిమోట్ తీసి, దాని రబ్బరు బొమ్మ చేతికిచ్చినట్టు ముందు పెట్టారు. ప్రమాదం లేని వస్తువులతో ఇలా రోజూ అలవాటు చేస్తే, మాత్రల షీటు నోట కరుచుకున్న రోజు ఆ ఒక్క మాటే అక్కరకొస్తుంది.

ఇవ్వాల్సినవీ చెప్పారు. లోపల పెరుగన్నం కూరి ఫ్రీజర్లో పెట్టిన రబ్బరు బొమ్మ, మనం పక్కనుంటే తడిపి గడ్డకట్టించిన గుడ్డ. బొమ్మ మింగలేనంత పెద్దదై ఉండాలి, గోటితో నొక్కితే కాస్త లొంగాలి. లొంగనంత గట్టిదైతే పళ్లు విరుగుతాయి. పాత చెప్పు మాత్రం ఇవ్వొద్దు, కొత్త చెప్పు కూడా తనదే అనుకుంటుంది. నిద్రా ముఖ్యమే. ఈ వయసు పిల్లలు రోజుకు 18 గంటల దాకా పడుకుంటాయి, నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువ కొరుకుతాయి.

ఇన్ని చేసినా ఏదైనా మింగితే? ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు, ఎక్కువైతే ఉప్పే ప్రాణం తీస్తుంది. యాసిడో బ్యాటరీయో అయితే కక్కినప్పుడు గొంతు మళ్లీ కాలుతుంది. వైరు నోట్లో ఉంటే కుక్కను ముట్టకముందే కరెంటు ఆపాలి. మిగిలిన ముక్కలూ, మందు ప్యాకెట్టూ తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందుకు విటమిన్ కె1 విరుగుడు ఉంది. తిన్నది ఏ మందో చెప్పేది ఆ ప్యాకెట్టే.

కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు జాతి చూస్తాం, రంగు చూస్తాం, బెల్టూ గిన్నే కొంటాం. ఇల్లు సర్దాలన్న ఆలోచన మొదటి చెప్పు చిరిగాక వస్తుంది. అది వచ్చే ముందురోజే ఇంట్లో పెద్దవాళ్లు ప్రతి గదిలో నేల మీద కూర్చుని చూడాలి. కుక్కపిల్లకు విషమేదో తెలియదు, దానికి నచ్చజెప్పే దారీ లేదు. తెలిసింది మనకే కాబట్టి దాని ప్రాణానికి జవాబుదారీ కూడా మనమే.