పరుల తోటకు పెత్తందారు

ఇంగ్లీషులో ‘బిజీబాడీ’ అనే మాట ఒకటుంది. పిలవని పేరంటానికి వెళ్లి, అడగని సలహా ఇచ్చి, తనకు పట్టని సంగతిలో తగుదునమ్మా అని వేలు పెట్టేవారిని అలా అంటారు. విడదీసి చూస్తే ‘తీరిక లేని మనిషి’ అని అర్థం. నిజానికి అంత తీరిక ఉన్నవారు మరొకరుండరు!

విలియం టిండేల్ 1526లో వర్మ్స్ పట్టణంలో అచ్చువేయించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో, పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయం 15వ వచనంలో ఈ మాట కనబడుతుంది. అనుమతి లేకుండా బైబిలు జోలికి వెళ్లాడని ఆయన్ని వెంటాడి, 1536లో మతద్రోహిగా చంపి దహనం చేశారు. ఆయన మాట మాత్రం నిలిచింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలోనూ అదే ఉంది.

గ్రీకు మూలంలో ఉన్న మాట ‘అల్లొత్రిఎపిస్కొపొస్’. క్రొత్త నిబంధనలో ఇంకెక్కడా రాదు. ‘అల్లొత్రియొస్’ అంటే పరులది. ‘ఎపిస్కొపొస్’ అంటే పైనుండి కనిపెట్టి చూసేవాడు. బిషప్పు అనే మాట పుట్టింది అందులోనుండే. అంటే పరుల వ్యవహారాలకు తనను తానే బిషప్పుగా నియమించుకొన్నవాడన్నమాట. మన తెలుగులో పెద్దతనమే పెత్తనమైంది. చూడండి, రెండు భాషలూ ఒకే మనిషిని పట్టుకొన్నాయి.

పేతురు ఇతనిని నరహంతకుని, దొంగను చెప్పిన వరుసలోనే చెప్పాడు. ఇది కొంచెం ఎక్కువేమో అనిపిస్తుంది. మా బంధువులలో ఒక అమ్మాయికి పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు కలగలేదు. ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగేసరికి “ఇంకా ఏమీ విశేషం లేదా అమ్మా?” అని ఒకరు. డాక్టరు పేరు చెప్పేవారొకరు, ఉపవాసం ఉండమనేవారొకరు. ఒకామె అయితే ఏకంగా అత్తగారిని పక్కకు పిలిచి మాట్లాడింది. ఆ అమ్మాయి ఆదివారాలు రావడం మానేసింది. ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉన్న సంగతి మాత్రం అడిగినవారిలో ఒక్కరికీ పట్టలేదు.

అలాగని నోరు తెరిచిన ప్రతివారినీ ఈ మాటతో కొట్టకూడదు. మా నూజివీడు ప్రాంతంలో మామిడి తోటను పూత మీదే అమ్మే అలవాటుంది. తేనెమంచు పురుగు వస్తుందో, ఈదురుగాలికి పిందె రాలుతుందో అన్న భయం ఉన్నవారు త్వరగా లొంగిపోతారు. కొన్నేళ్ల క్రితం, భర్త పోయిన ఒక సహోదరి తన చిన్నరసాల తోటను అలాగే తక్కువకు ఇచ్చేయబోతోంది. పక్క తోట రైతు గట్టు మీదనుండే “అక్కా, ఇవాళ బయానా పుచ్చుకోకు” అన్నాడు.

“నీ తోటా? నీకెందుకయ్యా?” అన్నాడు వ్యాపారి.

“నాది కాదు. కానీ పూత నాకూ కనబడుతోంది కదా!”

అంతే. వేరే బేరగాడిని తేలేదు, కమీషను అడగలేదు, తర్వాత ఎంతకు అమ్మావని ఆరా తీయలేదు. పది రోజుల తర్వాత ఆమె మరొకరికి మంచి ధరకే ఇచ్చింది. ఆ వ్యాపారి మాత్రం మరుసటి ఏడు ఈ రైతు తోట గట్టు తొక్కలేదు. అతను కాయలు తానే కోయించి, నున్న మార్కెట్టుకు తోలుకొన్నాడు.