విమానంలో సిఫారసు

పని జరగాలంటే లోపల మనవాడొకడుండాలి అనే నమ్మకం మన మధ్యతరగతిలో లోతుగా పాతుకొని ఉన్నది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకొన్నవాళ్ళం, విమానం దగ్గరకు వచ్చేసరికి తువ్వాలుకు బదులు బంధువును వెతుకుతున్నాం. మా అన్నగారి అమ్మాయి ఒక విమాన సంస్థలో, ప్రయాణికులకు సీట్లు కేటాయించే కౌంటరులో ఉద్యోగం చేస్తున్నది. ఆ సంగతి తెలిసిన నాటినుంచి, కొడుకుల దగ్గరకు అమెరికా బయలుదేరే బంధుమిత్రులు నాకు ఫోను చేయడం పరిపాటి అయింది. "ఒక్క మాట చెప్పండి, ముందు తరగతిలో వేయిస్తుంది" అంటారు. ఈ నమ్మకంలో నిజమెంతో, దాని వెనుకనున్న వర్గస్వభావమేమిటో విచారించడం అనవసరం కాదనుకుంటాను.

ముందుగా ఉద్యోగుల రాయితీ సంగతి. విమాన సంస్థలు తమ ఉద్యోగులకూ, వారి తల్లిదండ్రులకూ, భార్యాబిడ్డలకూ చాలా తక్కువ ధరకు టిక్కెట్లిస్తాయి. జీతంలో అదొక భాగం. కాని ఆ టిక్కెట్లలో ఎక్కువభాగానికి సీటు హామీ ఉండదు. డబ్బు చెల్లించినవాళ్ళందరూ ఎక్కిన తరువాత మిగిలితే ఇస్తారు. ఆ మిగిలినవాటికీ, ఉద్యోగంలో ఎవరు ముందు చేరారు వంటి లెక్కలతో వరుస ఉంటుంది. మా వదిన కూతురి పాసుమీద వెళ్ళి, ఒక గల్ఫ్ విమానాశ్రయంలో మూడు విమానాలు కళ్ళముందే వెళ్ళిపోగా, రాత్రంతా కుర్చీలో కూర్చున్నది. పైగా ఇలా వెళ్ళేవాళ్ళు సంస్థ పరువు కూడా మోయాలి. 2017 మార్చిలో డెన్వర్‌లో, యునైటెడ్ సంస్థ ఉద్యోగుల పాసుమీద వచ్చిన ఇద్దరు అమ్మాయిలను, లెగ్గింగ్స్ తొడుక్కున్నారని విమానం ఎక్కనివ్వలేదు.

ఇక పై తరగతికి మార్చడం. ఉన్న సీట్లకంటే ఎక్కువ టిక్కెట్లు అమ్మడం అనేక సంస్థలకు మామూలు. కొందరు రారని వాళ్ళ అంచనా. అందరూ వచ్చిననాడు వెనుక తరగతి నిండిపోయి, ముందు తరగతిలో ఖాళీలుంటే, కొందరిని ముందుకు జరుపుతారు. ఎవరిని?

"ఆ జాబితా కంప్యూటరే ఇస్తుంది బాబాయ్. ఏ కార్డు ఉంది, ఎంత పెట్టి కొన్నారు, అదే చూస్తుంది. నేను దాన్ని తప్పిస్తే పైవాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకోవాలి" అన్నది మా అమ్మాయి.

ఆమె చేతిలో మిగిలిన అధికారమల్లా కిటికీ పక్క సీటు ఇవ్వడం, భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టడం, విమానం నిండనప్పుడు మధ్య సీటు ఖాళీగా ఉంచడం. ఇందులోనూ చాలాభాగం అమ్మకానికి పోయింది. కాళ్ళు చాపుకొనే వీలున్న అత్యవసర ద్వారం దగ్గరి సీటుకు ఒకప్పుడు పరిచయం చాలేది. నేడు చాలా సంస్థలలో రుసుము కట్టాలి.

అయితే సిఫారసు చచ్చిపోయిందా? లేదు, రూపం మార్చుకున్నది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, తరచుగా ప్రయాణించేవారికి మైళ్ళ లెక్కన బహుమతులిచ్చే పథకం పెట్టింది. తక్కిన సంస్థలు అనుసరించాయి. కంపెనీ ఖర్చుమీద నెలకు నాలుగుసార్లు తిరిగే అధికారికి వెండి కార్డు, బంగారు కార్డు వస్తాయి. టిక్కెట్టు డబ్బు కంపెనీది, కార్డు ఆయనది. సీటు మిగిలితే కంప్యూటరు ముందుగా ఆయన పేరు పలుకుతుంది. రెండేళ్ళకొకసారి దుబాయి నుంచి ఇల్లు చేరే కరీంనగర్ కూలీకి ఏ కార్డూ రాదు. గుమస్తా తన తల్లికి ఇప్పించిన మిగులు సీటును పక్షపాతమని ఈసడించే మనం, ఈ రెండో సిఫారసును మాత్రం హోదా అని గౌరవిస్తున్నాం.

సీట్లు చాలనప్పుడు ఈ వ్యవస్థ అసలు స్వరూపం బయటపడుతుంది. 2017 ఏప్రిల్ 9న చికాగోలో, లూయీవిల్ వెళ్ళే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో నలుగురు సిబ్బందికి చోటు కావలసివచ్చింది. అప్పటికే కూర్చున్న నలుగురు ప్రయాణికులను దిగమన్నారు. దిగనన్న ఒక వైద్యుణ్ణి భద్రతాధికారులు నెత్తురోడుతుండగా ఈడ్చుకుపోయారు. ఆ ఉద్యోగులు విలాసయాత్రకు వచ్చినవాళ్ళు కారు, పనిమీద వెళ్తున్నవాళ్ళు. తప్పు, చివరి నిమిషంలో ప్రయాణికుడి సీటుమీద చెయ్యి వేసిన యాజమాన్యానిది. లోకమంతా ఆ దృశ్యం చూశాక, సిబ్బందికి కనీసం గంట ముందుగా సీట్లు ఖాయం చేయాలనీ, భద్రతా కారణం లేనిదే కూర్చున్నవాణ్ణి లేపరాదనీ ఆ సంస్థ నియమం పెట్టుకున్నది.

మన దేశంలోనూ నియమాలున్నాయి. ఖాయమైన టిక్కెట్టుతో వేళకు వచ్చినవాణ్ణి ఎక్కువ టిక్కెట్లు అమ్మిన కారణంగా ఎక్కించుకోక, గంటలోపల మరో విమానం చూపకపోతే, సంస్థ పరిహారం చెల్లించాలి. పై తరగతికి డబ్బు కట్టినవాణ్ణి బలవంతంగా కింది తరగతికి దించితే, దేశంలోపలి ప్రయాణాలలో టిక్కెట్టు ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ 2023లో నిర్ణయించింది. మా చుట్టాలలో ఈ నియమాలు తెలిసినవారు నాకు ఒక్కరూ తగల్లేదు. మా అమ్మాయి ఫోను నంబరు మాత్రం అందరి దగ్గరా ఉన్నది.

హక్కు తెలియనిచోటనే మనవాడి అవసరం కలుగుతుంది. శంషాబాదులో కౌంటరు ఎదుట ఈ నియమాలను తెలుగులో, గల్ఫ్ కూలీ నిలబడి చదువుకోగలిగినంత పెద్ద అక్షరాలలో రాసిపెట్టమని అడగడం మన సంఘాలు చేయదగిన పని. ముందు తరగతిలో ఒక సీటు దొరికితే ఒకడి ఒళ్ళు నొప్పులు తగ్గుతాయి. ఆ బోర్డు ఉంటే, వెనుక వరుసలో వాడు కూడా తన సీటును ఎవరి దయా లేకుండా తనదనుకుంటాడు.